ఒక గొయ్యి, రెండు సంచులు

ఆ బొగ్గు యార్డు మీదుగా ఎగిరిన కొంగ అవతలి కంచె దాటేసరికి కాకై దిగుతుందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కాస్త ఎక్కువే చెప్పుకుంటారనుకోండి. కానీ పొద్దున్న తెల్లగా ఉతికిన గుడ్డ తలకి చుట్టుకుని పనిలోకొచ్చిన మనిషి, మధ్యాహ్నానికి ఆ గుడ్డ తనదో కాదో పోల్చుకోలేకపోవడం మాత్రం అబద్ధం కాదు. అలాంటి చోట ఇద్దరు ఆడవాళ్ళు వ్యాగన్ ఎక్కి, బొగ్గు తవ్వి, సంచుల్లోకి ఎత్తే పని చేస్తారు. ఒకావిడ గని కంపెనీ మనిషి, అంటే అమ్మేవాళ్ళ తరఫు. రెండో ఆవిడ కరెంటు ప్లాంటు మనిషి, అంటే కొనేవాళ్ళ తరఫు. బండి రాగానే ఎవరి సంచి వాళ్ళు నింపి ల్యాబుకి పంపాలి. అక్కడ దాన్ని పిండి చేసి, కాల్చి, ఎంత బూడిద మిగిలిందో తూస్తారు. బూడిద తక్కువైతే మంచి బొగ్గు. ఎక్కువైతే బొగ్గు పేరు చెప్పి రాళ్ళు అంటగట్టినట్టు. రెండు సంచుల లెక్కా కలిస్తే గొడవే లేదు.

గని ఆవిడ పొడుగు మనిషి. వ్యాగన్ ఎక్కడానికి ఆవిడకి నిచ్చెన అక్కర్లేదు, ఆవిణ్ణి చూసి వ్యాగనే కాస్త వంగుతుందని కూలీల మాట. ప్లాంటు ఆవిడ పొట్టి. పారకి ఆనుకుని నిలబడితే ఎవరు ఎవరిని పట్టుకున్నారో దూరం నుంచి తెలీదు. పారలు రెండూ ఒకే కొట్టులో కొన్నవి, ఒకే కొలతవి. అయినా యార్డంతా ఆవిడని పెద్దపార అనీ, ఈవిడని చిన్నపార అనీ పిలుస్తుంది. చిన్నపార కూతుర్ని పెద్దపార కొడుక్కిచ్చారు.

"ఇవాళ గొయ్యి ఎక్కడ పెడదాం వదినగారూ?" అంది చిన్నపార, వ్యాగన్ అంచు మీంచి లోపలికి దూకి.

"మీ ఇష్టం వదినగారూ."

"అయ్యో, మీరుండగా నా ఇష్టమేమిటి? మీరు ముందు."

"సరే, మీరంతగా అంటే."

ఈ మర్యాదలు ప్రతి వ్యాగన్ మీదా జరుగుతాయి. ఒక్కోసారి అవి ఎంతకీ తెగక, కిందనుంచి ఇంజను డ్రైవరు విసుగెత్తి కూత పెడతాడు.

పెద్దపార నడుంకి కొంగులా చుట్టుకున్న సంచి తీసి పక్కన పడేసి, నాలుగడుగులు అటూ ఇటూ వేసి, ఒకచోట ఆగింది. పార అడ్డంగా పెట్టి పైపొర గీకేసింది. దారిపొడుగునా ఎండా గాలీ తిన్న బొగ్గు అది, లెక్కలోకి రాదు. తర్వాత పార నిలువుగా పెట్టి మడమతో నొక్కింది. మోకాలి లోతు దిగాక కింద తడితడిగా నల్లటి బొగ్గు కనిపించింది. అందులోంచి రెండు పారలు ఎత్తి సంచిలో వేసుకుని, వెనక్కి జరిగి, ఎవరికో కుర్చీ చూపించినట్టు గోతిలోకి చెయ్యి చూపించింది. చిన్నపార వంగి అదే గోతిలోంచి తన సంచి నింపుకుంది.

పక్కకి పోయి తన గొయ్యి తను తీసుకోవాలని రూలుంది. ఉంది కానీ, అది పిల్లనిచ్చిన చోటు. వదినగారు కష్టపడి తీసిన గొయ్యి ఎదురుగా ఉండగా ఇంకోటి తవ్వితే, మీ గొయ్యి మీద నాకు నమ్మకం లేదని మొహం మీద అనేసినట్టే కదా. అంతమాట నోటితో అనలేని మనిషి, పారతో ఎలా అంటుంది? అందుకని వాళ్ళిద్దరి లెక్కలూ కవలపిల్లల్లా వచ్చేవి. గని ఏజెంటు మురిసిపోయేవాడు. ప్లాంటు యార్డు సారు చుట్టపుచూపుగా వచ్చిన ప్రతివాడికీ, "మా యార్డులో తేడా అన్నమాట వినపడదు" అని చెప్పేవాడు. కొత్తగా వచ్చిన ల్యాబు మేడమ్ ఒక్కతే ఆ లెక్కలు చూసినప్పుడల్లా కళ్ళద్దాలు తీసి తుడుచుకునేది. అద్దాలకి బొగ్గు పట్టిందనుకునేవాళ్ళు అందరూ.

"మీ అమ్మాయి అదృష్టవంతురాలు వదినగారూ," అంది పెద్దపార సంచి మూతి బిగిస్తూ.

"మీ ఇంటికొచ్చింది కదా మరి."

"దానిగురించి కాదు. ఆ నిద్ర! నేను లేచి, నీళ్ళు పట్టి, వంట చేసి, డబ్బా కట్టుకుని గడప దాటినా కన్ను తెరవదు. ఇవాళ దాని చెవి పక్కనే చీపురేసి బరబరా ఊడ్చాను. ఊహూ! మీ ఇంట్లో ఏదెలా ఉన్నా, నిద్రకి మాత్రం లోటు చెయ్యకుండా పెంచారు."

పెద్దపార నవ్వింది. చిన్నపార కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు పళ్ళ దగ్గరే ఆగిపోయింది, గొంతులోకి దిగలేదు. ఏదెలా ఉన్నా అంటే ఏమిటి? ఏదెలా లేదు తమ ఇంట్లో? సంచికి తాడు కడుతూ కడుతూ ముడి మీద ముడి, దాని మీద ముడి వేసింది. ల్యాబులో ఆ తాడు విప్పలేక కత్తెర తెచ్చుకోవాల్సి వచ్చింది.

*

చిన్నపార ఇంటాయనది క్రషర్ హౌసులో పని. కొండంత బొగ్గు పెళ్ళల్ని గోలీలంత ముక్కలు చేసే యంత్రం పక్కన పొద్దంతా నిలబడి, దాని రొద మీదుగా మాట్లాడీ మాట్లాడీ, ఆయన గుసగుస కూడా రెండు వీధులవతలికి వినిపిస్తుంది. ఆయన ఇంట్లో తుమ్మితే పక్క వీధిలో వాళ్ళు చిరంజీవ అంటారు.

"ఏంటీ!" అన్నాడాయన కాళ్ళు కడుక్కుంటూ. "వియ్యపురాలు మన పిల్లని నిద్రమొద్దు అందా?"

"నెమ్మదయ్యా!"

"నెమ్మదిగానే అంటున్నా! నిద్రమొద్దు అందా?"

"ఆ మాట అన్లేదు. నిద్రకి లోటు చెయ్యలేదు అంది."

"చీపురేసిందా!"

"నేల మీదయ్యా, నేల మీద!"

ఎదురింటి కిటికీ రెక్క చప్పుడు కాకుండా తెరుచుకుంది. చిన్నపార లేచి దీపం తగ్గించింది, అదేదో గొంతు తగ్గించే మర అయినట్టు.

ఆ మాట వీధి కుళాయి దగ్గరికి చేరేసరికి, పెద్దపార కోడలి మీద చీపురు విసిరింది. టీ కొట్టు దగ్గరికొచ్చేసరికి చీపురు కాస్తా కర్రయింది. వ్యాగన్లు బోర్లించే షెడ్డు దాకా నడిచేసరికి, పిల్ల పెట్టె సర్దుకుని పుట్టింటికి వచ్చేసింది కూడా. మర్నాడు పొద్దున్న పెద్దపార యార్డులో అడుగుపెట్టేసరికి ఈ కథంతా ఆవిడకంటే ముందే వచ్చి కూర్చుంది.

ఆవిడ వ్యాగన్ ఎక్కింది. చిన్నపార ఎక్కింది. గొయ్యి ఎక్కడ పెడదామని ఈవిడ అడగలేదు. మీ ఇష్టం అని ఆవిడ అన్లేదు. ఇంజను డ్రైవరు కూత పెడదామని తాడు మీద చెయ్యేసి, పెట్టే అవసరం లేక తెల్లబోయాడు.

పెద్దపార తిన్నగా మధ్యకి పోయి తవ్వడం మొదలుపెట్టింది. పిల్లల పెళ్ళయినప్పట్నుంచీ మొదటిసారి, గొయ్యి తీశాక వెనక్కి జరగలేదు. సంచి నింపుకుని గోతిలోనే నిలబడి నుదురు తుడుచుకుంది. చిన్నపార కాసేపు చూసింది. తర్వాత పార భుజానేసుకుని వ్యాగన్ ఆ చివరికి, ఇనప గోడ పక్కకి పోయి, తన గొయ్యి తను తవ్వుకుంది. అక్కడ పెళ్ళలు పెద్దవి. పార దిగినప్పుడల్లా ఠంగుమని చప్పుడొచ్చింది. ఠంగుమన్నప్పుడల్లా పెద్దపార భుజం ఉలిక్కిపడింది.

*

మర్నాడు ల్యాబు నుంచి లెక్కలొచ్చాక యార్డు ఆఫీసులో ఫ్యాను కూడా జంకుతూ తిరిగింది.

"పెద్దపార సంచిలో బూడిద నూటికి ముప్పై ఒకటి. చిన్నపార సంచిలో ముప్పై తొమ్మిది," అంది ల్యాబు మేడమ్.

"ఒక్క వ్యాగనే కదా?" అన్నాడు యార్డు సారు.

"ఒక్క వ్యాగనే."

గని ఏజెంటు ఒంటికి సెంటు ఎక్కువ, ఓపిక తక్కువ. ఆయన లేచాడు. "ఇంకేం కావాలి? ఇద్దరికీ ఇంట్లో చెడిందని ఊరంతా అంటోంది. ఈవిడ కోపంతో రాళ్ళు ఏరి సంచిలో వేసింది. మా బొగ్గు పరువు తీసింది."

"మా మనిషి అలాంటిది కాదు," అన్నాడు యార్డు సారు. చిన్నపార గుండె కాస్త కుదుటపడబోయింది. అంతలో ఆయనే అన్నాడు: "మీ మనిషే మధ్యలో నిగనిగలాడేది చూసి ఏరుకుంది. ఇన్నాళ్ళకి దొరికింది."

అప్పటిదాకా గోడకి ఆనుకున్న పెద్దపార నిటారుగా నిలబడింది. గది చూరు ఒక్కసారిగా తక్కువెత్తయినట్టనిపించింది. ఏదో అంటుందని చిన్నపార ఎదురుచూసింది. ఆవిడ అరచేతుల్లో నలుపు గీతల్ని బొటనవేలితో రుద్దుకుంటూ ఉండిపోయింది. తనని తిట్టినప్పటికంటే, తన పక్షం తీసుకున్నప్పుడే చిన్నపారకి ఎక్కువ సిగ్గేసింది.

"సారూ, నేను రాళ్ళు ఏరలేదు," అంది. "వదినగారు కూడా ఏరరు."

"ఇద్దరూ ఏరకపోతే తేడా ఆకాశంలోంచి ఊడిపడిందా?"

ల్యాబు మేడమ్ నోరు తెరవబోయింది కానీ, అప్పటికే సార్లిద్దరూ ఒక మాట మీదకొచ్చేశారు. రేపొచ్చే బండిలో ఒక వ్యాగన్. అందరూ చూస్తుండగా ఇద్దరూ తలొక సంచీ తియ్యాలి. మళ్ళీ తేడా వస్తే, ఎవరిది దొంగచెయ్యో కళ్ళముందే తేలుతుంది. ఆ చేతికి ఇక పార ఇవ్వరు.

సాయంత్రం అమ్మాయి వచ్చింది. పెట్టెతో కాదు, ఉత్తి చేతుల్తో. వీధిలో నలుగురూ దాని చేతుల వైపే చూసి నిరాశపడ్డారు.

"అమ్మా, అత్తయ్య నిన్నట్నుంచి నోట్లో మెతుకు పెట్టలేదు. మీ అమ్మ అని ఆయనంటే, మీ అమ్మ అని నేనంటున్నా. ఇల్లంతా ఈ అమ్మలే. కూర్చోడానికి చోటు లేదు."

"నిన్ను చీపురుతో కొట్టిందటగా!" అన్నాడు ఇంటాయన. ఎదురింటి కిటికీ మళ్ళీ తెరుచుకుంది.

"ఎవరన్నారు నాన్నా? నా చుట్టూ ఊడ్చింది, అంతే. నేను లేవలేదు. అత్తయ్య అన్నదాంట్లో అబద్ధమేముంది? చిన్నప్పుడు మంచం మీంచి పడి, కింద కూడా నిద్రపోయానని అమ్మే కదా అందరికీ చెప్పేది."

నిజమే, చిన్నపార తనే చెప్పేది. నవ్వుతూ చెప్పేది. అదే మాట ఇంకో నోట్లోంచి వచ్చేసరికి రాయిలా తగిలింది.

"రేపు మీలో ఒకళ్ళు దొంగని తేలుస్తారటగా," అంది అమ్మాయి గొంతు తగ్గించి. "నువ్వని తేలితే ఆ ఇంట్లో నేను ఎవరి కూతుర్నని తలెత్తుకు తిరగను? ఆవిడని తేలితే ఈ గుమ్మం ఎవరి కోడలిగా తొక్కను? చెప్పమ్మా."

"ఎవరూ తేలరు," అంది చిన్నపార. "రేపు వదినగారి గోతిలోంచే తీస్తాను. ఎప్పట్లాగే. రెండూ కలుస్తాయి. ఎవరి ఇంటికి వాళ్ళు పోతారు."

ఆ మాట అన్నాక ఆవిడకి తేలికైంది. అమ్మాయి తల దువ్వి పంపించింది. చిక్కు తియ్యడానికి దువ్వెన లాగుతుంటే, అది కూర్చునే ఓ కునుకు తీసింది కూడా.

*

మర్నాడు వ్యాగన్ చుట్టూ చేరిన జనాన్ని చూస్తే బొగ్గు కోసం కాదు, ఏనుగు కోసం వచ్చారనుకుంటారు. షంటింగు వాళ్ళు, టీ కొట్టువాడు, ఆఖరికి బాయిలరు దగ్గర మనిషి కూడా దాన్ని ఎవరికో అప్పజెప్పి వచ్చేశాడు. సార్లిద్దరికీ కుర్చీలు వేశారు. ల్యాబు మేడమ్ నిలబడే ఉంది.

చిన్నపార నిచ్చెన దగ్గర ఆగి, ఎప్పట్లాగే, "మీరు ముందు వదినగారూ," అంది. ఆ మాటలో నిన్నంతా కూడబెట్టిన బతిమాలడం ఉంది.

పెద్దపార ఆవిడ వైపు చూడలేదు. కింద కూర్చున్న ఏజెంటు వైపు చూసి, అందరికీ వినపడేలా అంది: "ఆవిడ ఆ చివర, నేను ఈ చివర. ఎవరి గొయ్యి వాళ్ళది. తర్వాత నన్నెవరూ ఏమీ అనక్కర్లేదు."

అంతే. చిన్నపార కట్టుకున్న ఉపాయం నిచ్చెన మొదటి మెట్టు మీదే కూలిపోయింది.

ఆవిడ తన చివరికి పోయి నిలబడింది. ఇన్నేళ్ళుగా గొయ్యి ఎక్కడ తవ్వాలన్న ఆలోచన ఆవిడకి రానేలేదు. ఆ పని వదినగారిది. ఇప్పుడు చూస్తే ఈ వ్యాగన్ చివర ఒక్కటే ఓ పెద్ద ఊరంతుంది. గోడ పక్కన కొబ్బరికాయలంత పెళ్ళలు దొర్లి ఆగాయి. వాటి మధ్య బూడిద రంగు పలకరాళ్ళు. కాస్త ఇవతలికొస్తే కుప్ప నడినెత్తిన అంతా సన్న పొడి. ఎక్కడ తియ్యాలి? పార తీసుకుని గోడ పక్క తవ్వింది. పైపొర గీకి, లోతుకి దిగి, పార నింపి ఎత్తి చూసింది. రాళ్ళు కనిపించాయి. మొన్నటి కోపమే నా చెయ్యి పట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చిందేమో అనుకుంది. లేదనడానికి సాక్ష్యం ఎవరు? తన లోపల ఇంకా ఓ మూల, ఏదెలా ఉన్నా అన్న ఆ మాట మండుతూనే ఉంది మరి.

సంచి కట్టి పక్కన పెట్టింది. నడినెత్తి దగ్గరికొచ్చి ఇంకో గొయ్యి తవ్వింది. ఇది నల్లగా, మెత్తగా, ఒక్క రాయి లేకుండా వచ్చింది. దీన్ని చూసినా గుండె కుదుటపడలేదు. ఇక్కడికి నన్ను భయం లాక్కొచ్చిందేమో. అమ్మాయి కోసం మంచిది ఏరుతున్నానేమో.

"ఏమ్మా, గొయ్యి తవ్వుతున్నావా, బావి తవ్వుతున్నావా?" అని కిందనుంచి టీ కొట్టువాడు అరిచాడు. జనం నవ్వారు.

పెద్దపార అప్పటికే దిగిపోయింది. చిన్నపార రెండు సంచులూ రెండు చేతుల్తో పట్టుకుని, పట్టాల వైపు చూసింది. ఒకటి బోర్లించెయ్యాలి. ఏది? చెయ్యి ఒక సంచి మూతి దాకా పోయింది, ఆగింది. రెండో సంచి దాకా పోయింది, ఆగింది. ఆఖరికి రెండూ కిందకి అందించింది.

"ఒక్కటే అన్నాం కదా!" అన్నాడు యార్డు సారు కుర్చీలోంచి లేచి.

"రెండూ నావే సారూ. ఏది పారేసినా ఏరినట్టే అవుతుంది."

"ఇదేం తిక్క! ఏదో ఒకటి తీసేయండి మేడమ్."

"వద్దు," అంది ల్యాబు మేడమ్. ఆవిడే వచ్చి రెండు సంచులూ అందుకుంది. అద్దాలు జారిపోతున్నా సర్దుకోలేదు.

*

ల్యాబులో సంచిడు బొగ్గుని ముందు మరలో నలగ్గొడతారు. నేల మీద కుప్ప పోసి, కుప్పని రొట్టెలా చదును చేసి, నాలుగు భాగాలు కోసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తారు. మిగిలింది మళ్ళీ కుప్ప, మళ్ళీ కోత. చివరికి గుప్పెడు మిగిలితే దాన్ని పౌడరంత మెత్తగా నూరి, బొటనవేలంత పింగాణీ గిన్నెలో పోసి కొలిమిలో పెడతారు. ఆ కొలిమిలో పెడితే మంకుపట్టు కూడా బూడిదైపోతుందని అక్కడి అటెండరు గొప్పలు పోతుంటాడు. ఆ సాయంత్రం సార్లిద్దరూ, వియ్యపురాళ్ళిద్దరూ వెళ్ళేసరికి బల్ల మీద మూడు గిన్నెలు చల్లారి ఉన్నాయి. ఒకదాంట్లో అడుగున కాస్త లేత గులాబీ బూడిద. ఒకదాంట్లో నిండుగా తెల్లటిది. మూడోది మధ్యస్థం.

ఎవరూ కూర్చోలేదు. చిన్నపార చేతులు తలగుడ్డ చివర పట్టుకుని నలుపుతున్నాయి.

"ఇది ముప్పై. ఇది ముప్పై తొమ్మిది. ఈ మధ్యది ముప్పై నాలుగు," అంది మేడమ్.

"చూశారా!" అన్నాడు ఏజెంటు. "ముప్పై మా మనిషిది, ముప్పై తొమ్మిది మీ మనిషిది. మళ్ళీ అదే తేడా. ఏరింది కాబట్టే..."

"కాదు. మీ మనిషిది ముప్పై నాలుగు."

"మరి ముప్పై?"

"చిన్నపారది."

"ముప్పై తొమ్మిది?"

"అదీ చిన్నపారదే."

యార్డు సారు ఒక గిన్నెలోకి, ఇంకో గిన్నెలోకి వంగి చూశాడు, అందులో ఎవరి పేరైనా కనపడుతుందేమోనని. ఏజెంటు వేలు గాల్లోకి లేచింది కానీ, దాన్ని ఎవరి వైపు చూపించాలో తెలీక కాసేపు అక్కడే తిరిగి జేబులోకి పోయింది.

మొదట నవ్వింది పెద్దపార. ముక్కుతో మొదలైన నవ్వు భుజాల్లోకి పాకింది.

"ఏంటి వదినగారూ," అంది రెండ్రోజుల తర్వాత మొదటిసారి ఆవిడ వైపు తిరిగి, "మీకూ మీకే పడలేదా?"

చిన్నపారకీ నవ్వొచ్చింది. ఈసారి అది గొంతులోకి దిగి, కడుపు పట్టుకునేదాకా పోయింది. నవ్వుతుంటే కళ్ళల్లోంచి నీళ్ళు కారి, బొగ్గు చెంపల మీద రెండు దారులు పడ్డాయి.

"ఒకే మనిషి, ఒకే పార, ఒకే వ్యాగన్, ఒకే పూట," అంది మేడమ్. "తేడా మొన్న మీ ఇద్దరి మధ్యా వచ్చినదానికంటే ఎక్కువ. తేడా మనుషుల్లో లేదు సార్, బొగ్గులోనే ఉంది. పైనుంచి బొగ్గు పోసినప్పుడు పెళ్ళలు గోడల వైపు దొర్లిపోతాయి, పొడి మధ్యలో నిలుస్తుంది. ఈ బొగ్గులో రాయంతా పెళ్ళల్లోనే ఉంది. పక్కన తవ్వితే ఒక లెక్క, మధ్యలో తవ్వితే ఇంకో లెక్క." ఆవిడ ఆగి, అద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. "నాకు అర్థం కానిది ఒక్కటే. ఇలాంటి బొగ్గులో ఇన్నాళ్ళూ మీ ఇద్దరి లెక్కలూ అంత ముద్దుగా ఎలా కలిశాయి?"

వియ్యపురాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మీరు చెప్పండి వదినగారూ అన్నట్టు ఒకరు, మీరుండగా నేనేమిటి అన్నట్టు ఇంకొకరు. ఆ మర్యాద ఎంతసేపు సాగేదో గానీ, పెద్దపారే దాన్ని తెంపింది.

"ఒకటే గొయ్యి మేడమ్. నేను తవ్వేదాన్ని. ఆవిడా అందులోంచే తీసుకునేది. వేరే తవ్వితే నేనేమనుకుంటానో అని."

మేడమ్ మెల్లగా స్టూలు మీద కూర్చుంది. కోప్పడుతుందని అందరూ అనుకున్నారు. ఆవిడ కోప్పడలేదు. చాలా రోజులుగా పంటిలో ఇరుక్కున్న పీచు ఊడొచ్చినట్టు నిట్టూర్చింది.

"అవి రెండు శాంపిళ్ళు కావమ్మా. ఒక్క శాంపిల్‌కే రెండు సంచులు. మీరు కలిసినప్పుడు నాకేమీ తెలియలేదు. విడిపోయినప్పుడే మొదటిసారి వ్యాగన్‌లో ఏముందో తెలిసింది."

యార్డు సారు మొహం చూడాలి. చుట్టపుచూపు వాళ్ళందరికీ ఆయన చెప్పుకున్న గొప్పంతా ఆ మూడు గిన్నెల్లో చల్లారిపోయింది. "అయితే ఎవరిని తీసెయ్యాలి?" అన్నాడు అలవాటు కొద్దీ.

"ఎవర్నీ కాదు. తియ్యాల్సింది గోతులు. ఒక్కటి కాదు, బోలెడు. పక్కనా, మధ్యలోనా, చివర్లలోనా. ఇద్దరూ వేరువేరుగా. ఒకరికొకరు కనపడకుండా ఉంటే మరీ మంచిది."

ఆ చివరి మాట దగ్గర చిన్నపార నవ్వు ఆగింది. దొంగ అనిపించుకోకుండా బయటపడింది, అమ్మాయి ఇల్లు నిలబడింది, అన్నీ బాగానే ఉన్నాయి. కానీ వదినగారికి కనపడకుండా వ్యాగన్ ఎక్కడం ఎలాగో ఆవిడకి తెలీదు. రోజంతా ఎవరితో మాట్లాడాలి? బొగ్గుతోనా?

*

కొత్త పద్ధతి వచ్చాక ఒకరు బండి ఇంజను వైపు నుంచి, ఇంకొకరు తోక వైపు నుంచి మొదలుపెట్టాలి. ముందు రోజుల్లో ఒక గొయ్యితో తెమిలే వ్యాగన్‌కి ఇప్పుడు పొద్దు సరిపోవడం లేదు. చిన్నపార ఎప్పుడూ చెయ్యని పని నేర్చుకోవాల్సి వచ్చింది: చోటు ఎంచకుండా తవ్వడం. మేడమ్ చూపించినట్టు ఇన్నేసి అడుగులకొకటి, కింద మంచి బొగ్గున్నా తవ్వాలి, పలకరాయి అడ్డమొచ్చినా తవ్వాలి. బాగున్నచోట ఆగాలనిపిస్తుంది, బాగోలేనిచోట దాటిపోవాలనిపిస్తుంది. ఆగకూడదు, దాటకూడదు. మొదట్లో ప్రతి గోతి దగ్గరా మీరు ముందు అనే మాట నాలుక చివరికొచ్చేది. ఎదురుగా ఎవరూ లేక దాన్ని మింగేసేది.

కొత్త పద్ధతిలో మొదటి బండి లెక్కలొచ్చిన రోజున ఆవిడ మధ్య వ్యాగన్‌లో, గోడ పక్క నడుం దాకా దిగి ఉంది. అవతలి వ్యాగన్‌లో పెద్దపార ఉందని పార చప్పుడుని బట్టి తెలుస్తోంది. ఆ దెబ్బకి పట్టాలు కూడా మూలుగుతాయి. అంతలో కింద సెంటు వాసన వచ్చింది.

"నీది ముప్పై నాలుగున్నర, ఆవిడది ముప్పై ఆరు," అంటున్నాడు ఏజెంటు, పెద్దపార వ్యాగన్ వైపు తలెత్తి. "మళ్ళీ తేడా! ఆ మేడమ్ ఇది మంచిదే, ఈ మాత్రం ఉండాలి అంటుంది. ఉండాలట! నాకు నమ్మకం లేదు. నువ్వు మా మనిషివి, నిజం చెప్పు. మీ వియ్యపురాలు ఎక్కడో చెయ్యి తిప్పుతోంది కదూ?"

చిన్నపార పార ఆగిపోయింది. గోతిలోనే పారకి ఆనుకుని వింది. అవతల పార చప్పుడు కూడా ఆగింది.

"లేదండీ," అంది పెద్దపార. "ఆవిడ చెయ్యి తిప్పేదే అయితే లెక్క నాదానికి ఇంకా దగ్గరగా వచ్చేది."

ఏజెంటు అడుగులు కంకర మీద కరకరలాడుతూ దూరమయ్యాయి. పెద్దపార ఇటు తొంగి చూడలేదు, పిలవలేదు. మడమతో పార నొక్కిన చప్పుడు మళ్ళీ మొదలైంది. చిన్నపార గోతిలోంచి పైకొచ్చి, అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, పలకరాళ్ళు పరుచుకుని ఉన్న తర్వాతి చోట పార దింపింది.